ల్యాబ్ చదువుకు వెళ్లే పాపకు లా పేపర్లెందుకు?

ప్రశ్న: సార్, మాది పుత్తూరు. మా పాప బైపీసీ అయిపోయింది, బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో చేరతానంటోంది. సిలబస్ చూస్తే రాజ్యాంగం, సాక్ష్య చట్టం, వృత్తి నీతి అని పేపర్లున్నాయి. ఇవన్నీ తనకెందుకని విసుక్కుంటోంది. నా భయం వేరే. ఈ లైన్‌లో తప్పుడు రిపోర్టులు రాయమని ఒత్తిడి తెస్తారని మా బావమరిది అంటున్నాడు. చేర్చమంటారా?

జవాబు: చేర్చండి. అయితే ఆ పేపర్ల మీద పాపకు విసుగు పోకపోతే మాత్రం మైక్రోబయాలజీ మేలు.

రక్తం అంటిన చొక్కా ఒకటి దొరికిందనుకోండి. తడి మీదే పాలిథిన్ కవర్లో కడితే పాడవుతుంది, ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ఇది సైన్సు, త్వరగానే వస్తుంది. సీలు ఎవరు వేశారు, స్టేషన్ నుంచి ల్యాబ్‌కు ఎవరు తెచ్చారు, మధ్యలో ఎక్కడ ఉంచారు, పంచనామాలో నీలం అని రాసిన చొక్కా కవర్లో నల్లగా ఎందుకుంది? డిఫెన్స్ లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే సాక్షిని ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, పట్టుకునేది వీటినే. డీఎన్‌ఏ ఎంత బాగా తీసినా వీటికి జవాబు లేకపోతే ఆ అనుమానం లాభం ముద్దాయికే. అలా ఇవ్వడమే న్యాయం కూడా.

మన అడవుల కేసే తీసుకుందాం. ‘ఎర్రచందనం నేనే నరికాను, దుంగలు భాకరాపేట ఘాట్‌లో కల్వర్టు కింద దాచాను’ అని ఒకడు పోలీసు కస్టడీలో చెప్పాడు. మొదటి ముక్క కోర్టులో చెల్లదు. రెండో ముక్క వల్ల దుంగలు నిజంగా దొరికితే, ఆ మేరకే చెల్లుతుంది. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 23వ సెక్షన్ చెప్పేది ఇదే. పోలీసులకిచ్చిన ఒప్పుకోలును ఎందుకు నమ్మకూడదో పాపనే ఆలోచించి చెప్పమనండి. నార్కో పరీక్షను, అంటే మత్తు మందిచ్చి నిజం రాబట్టే పరీక్షను, మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఎందుకు తేల్చిందో కూడా అడగండి. ఆసక్తిగా వాదిస్తే ఈ చదువు ఆమెకు సరిపోతుంది.

మీ బావమరిది మాట కొట్టిపారేయను, ఒత్తిడి ఉంటుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది చనిపోయిన ఎన్‌కౌంటర్ మీకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందే, 2014లో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు నిబంధనలు పెట్టింది: దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ చేయాలి, పోస్ట్‌మార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, దాన్ని వీడియో తీయాలి. ఒత్తిడంతా ఒక్కరి నెత్తిన పడకుండా ఇవి కాస్త కాపాడతాయి. ‘సార్, రూల్ ఒప్పుకోదు’ అని పై అధికారికి చెప్పాలంటే ముందు ఆ రూల్ తెలియాలి కదా.

నీతి అంటే పెద్ద పెద్ద విషయాలే అనుకోవద్దు. ఇంటర్న్‌షిప్‌లో చూసిన ఫైల్ ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టే పిల్లలున్నారు! అందులో అత్యాచార బాధితురాలి పేరు బయటపడితే రెండేళ్ల వరకు జైలు. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72వ సెక్షన్ చదివించండి.

ఇక ఉద్యోగాలు. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలన్న నియమం పెట్టారు. దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువిచ్చారు. కాబట్టి అవసరం పెరుగుతుంది. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో నమ్ముకుని కూర్చోవద్దు. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ ఒక దారి. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయడం ఇంకో దారి, నా ఓటు దానికే. సైన్సు తెలిసిన లాయర్లు మన కోర్టుల్లో ఇంకా తక్కువే. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు కావాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

ఫీజు కట్టే ముందు కాలేజీలో ల్యాబ్ కళ్లారా చూడండి. ఒకరోజు పాపను తీసుకుని తిరుపతి కోర్టుకు వెళ్లండి. మామూలు క్రిమినల్ కేసు విచారణను ఎవరైనా వెనక కూర్చుని చూడొచ్చు, పోక్సో కేసులకు మాత్రం రానివ్వరు. దర్యాప్తు అధికారి సాక్షి బోనులో ఉండే రోజేదో తెలిసిన లాయరును అడిగి వెళ్లండి. ఫోన్ స్విచ్చాఫ్ చేసి, పాపకు ఒక నోట్‌బుక్ ఇవ్వండి.