కుక్కల షెడ్డుకు ఏ నేల వేయాలి?

ప్రశ్న: రెండు లాబ్రడార్ కుక్కల కోసం పెరట్లో 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుతో షెడ్డు కడుతున్నాం. మాది నల్లరేగడి. ఇంట్లోవాళ్లు షాబాద్ బండలు పరిస్తే సరిపోతుందంటున్నారు, మేస్త్రీ సిమెంటు గచ్చు పోద్దామంటున్నాడు. ఏది మేలు? (పరకాల)

జవాబు: గచ్చే పోయించండి, కానీ దాన్ని నున్నగా రుద్దనివ్వకండి. బండలతో వచ్చే చిక్కంతా సందుల దగ్గరే. కుక్క గోళ్లకు సందుల్లోని సిమెంటు లేచిపోయి, మూత్రం కింది ఇసుకలోకి దిగుతుంది. ఆ తర్వాత పైన ఎంత కడిగినా వాసన పోదు. పిడుదులు దాగడానికి, గుడ్లు పెట్టడానికి కూడా అలాంటి సందులే వెతుక్కుంటాయి. ఒక్కో పిడుదు గుడ్లు వేలల్లో పెడుతుంది.

రేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా పోస్తే ఏ గచ్చయినా పగులుతుంది. అడుగున్నర లోతు రేగడి తీసేసి మొరం నింపండి. ఒకేసారి కుమ్మరించొద్దు. అర అడుగు పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆపైన మరో పొర. గచ్చు పైభాగం పెరటి నేలకన్నా అర అడుగు ఎత్తున ఉండాలి, లేకుంటే జులై వానలకు బురదంతా లోపలికే వస్తుంది.

నీటి వాటం పొడవు వైపు కాకుండా 6 అడుగుల వెడల్పు వైపు, తలుపుకు ఎదురుగా వెనక్కి పెట్టించండి. నీళ్లు తక్కువ దూరం పారితే చాలు. అడుగుకు పావు అంగుళం చొప్పున వెనక అంచు ఒకటిన్నర అంగుళం పల్లంగా రావాలి. ఈ వాటం మొరంలోనే రావాలి. గచ్చు సమంగా పోసి, తర్వాత పైపూతతో సర్దుదామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. ఆ పలుచని పొర ఏడాది తిరక్కుండా పెచ్చులూడుతుంది. కాలువ షెడ్డు గోడ బయట ఉంటేనే కుక్కలు ఆ నీళ్లు తాగవు.

గచ్చు మందం 4 అంగుళాలు, పాళ్లు 1:2:4. మీ కొలతకు 4 బస్తాల సిమెంటు, 10 ఘనపుటడుగుల ఇసుక, 20 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర పడతాయి. బస్తాకు 25 నుంచి 28 లీటర్ల నీళ్లు చాలు. పని సులువు కావాలని ఎక్కువ పోస్తే పైపొర పొడిపొడిగా రాలుతుంది. పైకి తేలిన నీళ్లు ఆరి, మెరుపు పోయి, బొటనవేలితో నొక్కితే చిన్న గుర్తు పడే అదను చూసి పుల్లల చీపురు లాగించండి. గీతలు వాటం వెంట సాగాలి. అడ్డంగా గీస్తే ప్రతి గీతలోనూ మూత్రం నిలుస్తుంది. లోతుగా గీసినా అరికాళ్లు ఒరుసుకుపోతాయి. గోడ, నేల కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా పూయించండి.

పది రోజులు గోనెసంచులు కప్పి తడపండి. అప్పటిదాకా కుక్కలను రానివ్వొద్దు, పచ్చి సిమెంటు సున్నపు గుణం పాదాలను కాలుస్తుంది.

మే ఎండలో ఏ నేలైనా మండుతుంది. అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలకూ అది వేడే. పడమటి వైపు గ్రీన్ నెట్ కట్టడం నేల మార్చడంకన్నా ఎక్కువ పని చేస్తుంది. గట్టి నేల మీదే పడుకుంటే పెద్ద జాతి కుక్కల మోచేతులు కాయలు కాస్తాయి. అరడుగు ఎత్తున, బయటికి తీసి ఎండబెట్టడానికి వీలయ్యే చెక్కబల్ల ఒక్కో కుక్కకు ఒకటి వేయండి.

ప్రశ్న: షెడ్డులో ఇప్పటికే నున్నటి టైల్స్ ఉన్నాయి. తడిస్తే కుక్కపిల్ల జారిపడుతోంది. (హన్మకొండ)

జవాబు: ఎదిగే పిల్లకు ఇది తుంటి కీళ్ల మీద భారం, ఆలస్యం చేయొద్దు. యాసిడ్‌తో టైల్‌ను గరుకు చేద్దామని చూడకండి, విట్రిఫైడ్ టైల్‌కు అది పట్టదు. పాడి పశువుల షెడ్లలో వేసే మందపాటి రబ్బరు మ్యాట్లు పరవండి. వారానికోసారి ఎత్తి కింద కడగాల్సిందే. కొరికే అలవాటున్న పిల్లయితే మ్యాట్ వద్దు, మింగిన ముక్క పేగుకు అడ్డం పడుతుంది. అప్పుడు టైల్స్ పీకించి గరుకు గచ్చు వేయించడమే దారి.

ప్రశ్న: ఇసుక పోస్తే చల్లగా ఉంటుంది కదా? కడగడం ఎలా? (నర్సంపేట)

జవాబు: చల్లగానే ఉంటుంది, అందుకే కుక్క పేగుల్లో బతికే కొంకిపురుగులకూ ఇష్టం. నీడపట్టున తడి ఇసుకలో వాటి గుడ్లు పొదిగి, పిల్లపురుగులు కుక్క పాదాల గుండా లోపలికి పోతాయి. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల చర్మంలోకీ దూరతాయి. కుక్కలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఇసుకను శుద్ధి చేయడం అయ్యే పని కాదు. గచ్చయితే ముందు మలం ఎత్తేసి, నీళ్లతో మూత్రం పోగొట్టి, సబ్బుతో రుద్ది కడగండి. ఆ తర్వాతే 5 శాతం బ్లీచ్ ద్రావణం అర లీటరును 15 లీటర్ల నీళ్లలో కలిపి పోసి పది నిమిషాలు ఉంచాలి. మురికి మీద పోస్తే బ్లీచ్ పనిచేయదు, మూత్రంతో కలిస్తే ఘాటు వాయువు లేస్తుంది. యాసిడ్, ఫినాయిల్ అసలే కలపొద్దు. చివరగా మంచినీళ్లతో కడిగి, ఆరాకే కుక్కలను వదలండి. తడి కాళ్లను అవి నాకుతాయి.