సొంతంగా తీసిన స్టీరియో ఫోటోలను ఇంట్లోని టీవీలో త్రీడీగా చూడడం ఎలా?

స్టీరియో ఫోటో అంటే ఎడమ, కుడి కళ్ల కోసం విడివిడిగా తీసిన రెండు చిత్రాల జత. మీ టీవీకి త్రీడీ సదుపాయం ఉంటే దాన్ని చూడడం కష్టమైన పని కాదు. ఎడమ, కుడి కంటి చిత్రాలను ఒక్కొక్కటి 960×1080 పిక్సెళ్లకు అడ్డంగా కుదించి, ఎడమ చిత్రం ఎడమవైపు ఉండేలా పక్కపక్కన చేర్చి, 1920×1080 జేపెగ్‌గా భద్రపరచాలి. దాన్ని టీవీలో తెరిచి, త్రీడీ మెనూలో ‘సైడ్ బై సైడ్’ ఎంచుకుంటే, టీవీయే రెండు సగాలనూ సాగదీసి, త్రీడీ కళ్లద్దాల ద్వారా ఏ కంటి చిత్రాన్ని ఆ కంటికి అందిస్తుంది. యూఎస్‌బీలోని ఫోటోలకు ఆ మెనూ రాకపోతే, కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ తీగతో కలిపి చూపించవచ్చు.

అసలు శ్రద్ధ పెట్టవలసింది చిత్రాల పొందికపైన. రెండింటి మధ్య నిలువు తేడా కొద్దిగా ఉన్నా కళ్లు త్వరగా అలసిపోతాయి. దూరంగా ఉన్న వస్తువుల రెండు ప్రతిబింబాల మధ్య దూరం తెరపై మనిషి కళ్ల మధ్య దూరాన్ని, అంటే సుమారు 65 మిల్లీమీటర్లను మించితే, కళ్లు బయటికి తిరగవలసి వచ్చి చిత్రం విడిపోతుంది. 55 అంగుళాల తెర వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు కనుక, ఆ హద్దు 1920 పిక్సెళ్లలో ఇంచుమించు 100 మాత్రమే. పిల్లలు చూసేటప్పుడు ఇంకా తగ్గించాలి. చిన్న తెరపై హాయిగా కనిపించిన జత పెద్ద టీవీలో ఇబ్బంది పెట్టడానికి కారణం ఇదే. స్టీరియోఫోటో మేకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ సవరణలన్నీ చేయగలదు.

త్రీడీ లేని టీవీకి ఎరుపు-నీలి అద్దాలతో చూసే అనాగ్లిఫ్ అనే పద్ధతి ఉంది. రంగులు దెబ్బతింటాయి కాబట్టి, నలుపు-తెలుపు చిత్రాలకే దాన్ని సిఫారసు చేస్తాను.