తాతగారి పికప్పు ఇంజిన్: పాత బ్లాకు ఎవరిది?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా తాతగారు 1969లో కొన్న జీపు పికప్పు ఇప్పటికీ మా దగ్గరే ఉంది. ఆయన కాలం చేసి తొమ్మిదేళ్లయినా ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది. ఇంజిన్ బోరుకు వచ్చిందంటే (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను కోసి సరిచేయాలంటే) ఒక మెకానిక్ షెడ్డులో ఇచ్చి, ఫోన్‌పేలో రూ.85,000 చెల్లించాను. పాత బ్లాకు (సిలిండర్లు ఉండే పోతఇనుప భాగం) పగిలిందంటూ, నాతో ఒక్క మాట చెప్పకుండా, పాత సామాన్ల అంగడిలో దొరికిన వేరే జీపు బ్లాకు వేశాడు. బండి తెచ్చుకున్నాక నాలుగు వందల కిలోమీటర్లు తిరగకముందే, పెళ్లి సామాన్లతో రాయచోటికి పోతుండగా గువ్వలచెరువు ఘాటులో ఇంజిన్ పట్టేసింది. కొత్తగా బోరు చేసిన బండిని ఘాటు ఎక్కించడం నీ తప్పే అంటున్నాడు. ఇంకో రూ.20,000 కడితేగాని పాత బ్లాకు ఇవ్వనంటున్నాడు. నాకు దారేది? ఈ బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చా?

జవాబు: మీరు డబ్బు గురించి ఎక్కువగా, బ్లాకు గురించి తక్కువగా బాధపడుతున్నట్లు మీ ఉత్తరాన్ని బట్టి తోస్తున్నది. నా దృష్టిలో ఆ వరుస తిరగబడాలి. డబ్బు రాబట్టుకోవడానికి వినియోగదారుల రక్షణ చట్టం రెండేళ్ల గడువు ఇస్తున్నది. ఆ బ్లాకు ఒకసారి తుక్కులో కరిగిపోతే ఏ కోర్టూ దానిని తిరిగి తెప్పించలేదు.

బ్లాకుకు ఇంత ప్రాముఖ్యం ఎందుకో చెబుతాను. ఫొటోలను బట్టి మీ బండిలో ఉన్నది హరికేన్ అని పిలిచే నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. ఇందులో గాలిని, పెట్రోలును లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వులు బ్లాకు పైనుండే హెడ్డులో ఉంటే, పొగను బయటకు పంపే ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే కూర్చుంటాయి. కాబట్టి బ్లాకు మారితే ఇంజిన్‌లో సగానికి పైగా మారినట్లే. అంతకన్నా ముఖ్యం, ఇంజిన్ నంబరు చెక్కి ఉండేది బ్లాకు ముందు భాగంలో, వాటర్ పంపు బిగించే చోట. మీ ఆర్‌సీలో ఉన్నది పాత బ్లాకు మీది నంబరు, ఇప్పుడు బండిలో ఉన్నది మరెవరి బండిదో. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా పోయేటట్లు యజమాని బండిని మార్చరాదంటున్నది. 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన కేసులో, సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌కు గట్టి అర్థమే చెప్పింది. అనుమతి లేని మార్పులకు 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అదే రకం ఇంజిన్, అదే పెట్రోలు, అందువల్ల బండి స్వరూపం మారలేదు అని మీ తరఫున వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉంది. అయితే దారిలో ఆపిన బ్రేకు ఇన్‌స్పెక్టరు వాదన వినడు, నంబరు చూస్తాడు. ఆ రెండో బ్లాకు దొంగ బండిదని తేలితే పోలీసులు మీ పికప్పును స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో బండిని విడిపించుకోవలసి వస్తుంది. ఆర్‌సీ తాతగారి పేరు మీదే ఉంటే అక్కడ మీ హక్కు రుజువు చేసుకోవడమే ఒక పని అవుతుంది.

ఇక మెకానిక్ బ్లాకును పట్టి ఉంచడం సంగతి. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం మీరు బండిని బాగుచేయడానికి అప్పగించడం బెయిల్‌మెంటు, అంటే పని అయ్యాక తిరిగి ఇవ్వాలన్న షరతుతో వస్తువును అప్పగించడం. విప్పి తీసిన పిస్టన్లు, రింగులు, బేరింగులు, బ్లాకు అన్నీ మీవే. పని చేసినవానికి తన కూలి అందేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు 170వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. కానీ ఆ సెక్షన్, అప్పగింత ఉద్దేశం ప్రకారం పని చేసినప్పుడే ఆ హక్కు అంటున్నది. మీరు అప్పగించింది మీ ఇంజిన్‌ను బోరు చేయమని. ఇంకొక బ్లాకు వేయమని కాదు. పైగా ఆ పని నాలుగు వందల కిలోమీటర్లు కూడా నిలవలేదు. అందువల్ల అతని హక్కు బలహీనమని నా అభిప్రాయం. అయినా మనుషుల్ని వెంటబెట్టుకొని పోయి బ్లాకును ఎత్తుకు రావద్దు. న్యాయం మీ వైపు ఉన్న వ్యవహారంలో మీరే ముద్దాయి అవుతారు. అవసరమైతే ఆ రూ.20,000ను, హక్కులు వదులుకోకుండా అభ్యంతరంతో కడుతున్నానని రాసి, ఇచ్చి బ్లాకు తెచ్చుకోండి. ఆ మొత్తాన్ని కూడా తరువాత ఫిర్యాదులో అడగవచ్చు. అతడు బ్లాకును అమ్ముకున్నాడని తేలితే మాత్రం, భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం ఫిర్యాదుకు ఆధారం ఏర్పడుతుంది.

ఇంజిన్ పట్టేసినందుకు పరిహారం కోరడానికి కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్ సరైన చోటు. మీరు సొంత వాడకానికి పెట్టుకున్న బండి కాబట్టి మీరు వినియోగదారులే. ఆర్‌సీ తాతగారి పేరు మీద ఉన్నా, సేవ కోసం డబ్బు చెల్లించింది మీరు కాబట్టి ఫిర్యాదు మీరే చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు ఉండదు. ఇక్కడ మీ గెలుపూ ఓటమీ ఒక్క విషయం మీద ఆధారపడతాయి: ఇంజిన్‌ను ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట విప్పారన్నది. దయచేసి ఇంకొక మెకానిక్ చేత ఇప్పుడే విప్పించవద్దు. విప్పిన ఇంజిన్ సాక్ష్యం చెప్పదు. ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, పదిహేను రోజుల్లో ఫలానా తేదీన, ఫలానా చోట, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ అధ్యాపకుని వంటి తటస్థ నిపుణుని ఎదుట ఇంజిన్ విప్పుతామని, తప్పక హాజరు కావాలని రాయండి. పిస్టనుకూ సిలిండరుకూ మధ్య ఉండవలసినంత ఖాళీ లేకపోవడమా, ఆయిల్ దారి మూసుకొని బేరింగు మాడడమా, రేడియేటర్ నీళ్లు లేక వేడెక్కడమా అన్నది ఆ రోజు బయటపడుతుంది. మొదటి రెండూ అతని పని లోపాన్ని చూపుతాయి. మూడోదైతే తప్పు మీ వైపు కూడా జరుగుతుంది. ఆ మాట ముందే తెలిసి ఉండడం మంచిది.

ఘాటు గురించి అతడు చెప్పే మాటను తేలికగా తీసుకోవద్దు. కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌ను మొదట కొంతకాలం బరువు లేకుండా నిదానంగా నడపాలన్నది నిజమే. అయితే ఆ జాగ్రత్త మీకు చెప్పవలసింది కూడా అతడే. చెప్పాడా, ఎప్పుడు చెప్పాడు, రాతలో ఉందా అని కమిషన్ అడుగుతుంది. బిల్లు లేదని దిగులుపడకండి. ఫోన్‌పే వివరాలు, వాట్సాప్‌లో అతడు పంపిన వాయిస్ మెసేజీలు, సామాన్ల లెక్క రాసిచ్చిన చీటీ, అన్నీ దాచండి. ఫోనులోని ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరానికి తావుండదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు మీ బండి వయసు సరిపోయింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, సొంత వాడకానికి ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఈ అవకాశం ఇచ్చాయి. పికప్పు కాబట్టి ఆర్‌సీలో గూడ్స్ వాహనమని ఉందేమో మొదట చూడండి. అలా ఉంటే ముందు ఆ తరగతి మార్పించుకోవాలి. బండి అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చేంతటి భారీ ఓవర్‌హాల్ జరిగి ఉండరాదని ఆ నిబంధన చెబుతున్నది. ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు, స్లీవులు (అరిగిన సిలిండరులో దింపే గొట్టాలు) ఇంజిన్‌ను మార్చవు, బాగుచేస్తాయి. వాటివల్ల అర్హత పోదని నేను నమ్ముతాను. మన వైపు చాలామంది పాత జీపులకు చేయించినట్లు డీజిల్ ఇంజిన్ వేయిస్తే అర్హత పోతుంది. వేరే బ్లాకు ఉంటే చిక్కు తప్పదు. పోతఇనుప బ్లాకులో పగుళ్లను స్టిచింగ్ పద్ధతిలో కుట్టి బాగుచేసేవారు ఉన్నారు. పగులు ఎక్కడ ఉందో చూడకుండా పాత బ్లాకును వదులుకోవద్దు. అది బాగుపడకపోతేనే, రెండో బ్లాకు ఏ బండిదో తెలిపే కాగితాలు, ఆ బండి ఆర్‌సీ రద్దయిన ఆధారం, కొనుగోలు రసీదు సంపాదించి, ఆర్టీవో కార్యాలయంలో మార్పుకు అనుమతి కోరండి.

ఇంకొక మాట. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రూ.20,000 ఫీజు, పదేళ్ల గడువు ఉంటాయి. కానీ అది పొందిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా తిప్పడానికి వీల్లేదు. పెళ్లి సామాన్లు తీసుకెళ్లే బండిగానే ఉంచుకోదలచుకుంటే, ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకునే మామూలు రిజిస్ట్రేషనే మీకు మేలు.

ఏ దారి ఎంచుకున్నా ముందు బండి మీ పేరు మీదకు రావాలి. యజమాని మరణించాక మూడు నెలల్లో, బండిని వారసుని పేరు మీదకు మార్చమని కోరే ఫారం 31 ఇవ్వవలసింది; ఆలస్య రుసుముతో ఇప్పుడైనా ఇవ్వండి. తాతగారి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రాలు సిద్ధం చేసుకోండి. మెకానిక్‌కు నోటీసు పంపే ముందే ఒకసారి షెడ్డుకు వెళ్లి, పాత బ్లాకు మీది నంబరుపై పలుచని కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. ఆ కాగితంపై తేదీ వేసి, పక్కనున్న ఒకరి చేత సంతకం చేయించి, నోటీసుకు దాని నకలు జతపరచండి.