చార్లెస్‌కి శిక్ష 1649 దాకా ఎందుకు పడలేదంటే

ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ 1646లోనే లొంగిపోతే, తల నరికింది 1649లో ఏమిటని అడిగారు. మీ నోట్సులో రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధం ఒక్కటే అన్నట్టు ఉంది, తికమకంతా అక్కడే. ఆయన చనిపోయేలోపు జరిగిన యుద్ధాలు రెండు అని రాసుకోండి.

మొదటిది 1642 ఆగస్టులో నాటింగ్‌హామ్‌లో రాజు జెండా ఎత్తడంతో మొదలైంది. 1645లో నేజ్‌బీ దగ్గర ఆయన సైన్యం చితికిపోయింది. మరుసటి ఏడు స్కాట్లండ్ సైన్యానికి లొంగిపోయాడు. అప్పటికి పార్లమెంటులో చాలామందికి రాజును చంపే ఉద్దేశమే లేదు. అధికారాలు తగ్గించి మళ్లీ గద్దె మీద కూర్చోబెడదామనే బేరాలు నడిచాయి.

అసలు మలుపు 1647 డిసెంబరు. వైట్ ద్వీపంలోని కారిస్‌బ్రూక్ కోటలో ఉంటూ, ఒకపక్క పార్లమెంటుతో మాట్లాడుతూనే, ఇంకోపక్క స్కాట్లండ్ వాళ్లతో చార్లెస్ రహస్య ఒప్పందం చేసుకున్నాడు. దాంతో 1648లో మళ్లీ యుద్ధం. ఈ నెత్తుటిని పార్లమెంటు తరఫున పోరాడిన సైన్యం క్షమించలేదు. అయినా పార్లమెంటు రాజీకే మొగ్గింది! ఆ ఏడు డిసెంబరు 6న ఆ సైన్యానికి చెందిన కల్నల్ ప్రైడ్ జాబితా చేత పట్టుకుని, సైనికులతో సభ గుమ్మంలో నిలబడ్డాడు. రాజీ కోరే సభ్యులను లోపలికి పోనివ్వలేదు. మిగిలినవాళ్లే విచారణకు కోర్టు వేశారు. మరణశిక్ష పత్రం మీద 59 మంది సంతకాలు పెట్టారు. కాబట్టి ‘పార్లమెంటు చంపింది’ అని ఊరికే రాయకండి, సైన్యం పాత్ర తప్పక చెప్పండి.

శిక్ష అమలైంది 1649 జనవరి 30న. పాత పత్రాల్లో 1648 జనవరి అని కనిపిస్తే టెన్షన్ పడకండి. అప్పట్లో ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మారేది.