‘బామ్మ’ అన్న మాట తగిలింది చీరకు కాదు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. సహకార బ్యాంకులో ఉద్యోగం. పెళ్లికి ముందు నుంచీ నేత చీరలే కడతాను. మంగళగిరి, వెంకటగిరి, లేదంటే సాదా నూలు చీర. మోచేతుల దాకా జాకెట్టు, ఒంటి జడ. ఇంట్లో నా పేరు ‘బామ్మ’ అయిపోయింది. మొదట మా తోడికోడలు అంది. తర్వాత మావారు అందుకున్నారు. ఇప్పుడు పదో తరగతి చదివే మా అమ్మాయి కూడా అంటోంది. పోయిన నెల స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి ‘నువ్వు రావద్దు, నాన్నను పంపు’ అంది. (దాని చిరుగుల ప్యాంటు చూసి నేను ‘బిచ్చగత్తె వేషం’ అంటుంటాను, అది వేరే సంగతి.) పంతం పట్టి రెండు కుర్తీలు కొనుక్కున్నాను. బస్సు ఎక్కడానికి సులువుగానే ఉంది. కానీ మా అత్తగారు ‘ఈ వయసులో ఈ సోకులేమిటి’ అన్నారు. ఆఫీసులో ఒకాయన ‘కుర్రపిల్లలా తయారయ్యారు, ఎవరి కోసం?’ అన్నాడు. ఇప్పుడు బీరువా తెరిస్తే చేతులు ఆడటం లేదు. కౌంటర్లో కూర్చున్నా ధ్యాసంతా ఒంటి మీదే, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకోవలసి వస్తోంది. వచ్చే మాఘంలో మా బావగారి అమ్మాయి పెళ్లి. ఏదో వంక చెప్పి తప్పించుకోవాలని ఉంది. బట్టల కోసం ఇంత బాధపడటం నా తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. మీరు బాధపడుతున్నది బట్టల గురించి కూడా కాదు.

‘ఈ రంగు నీకు నప్పలేదు’ అంటే అది చీర గురించిన మాట. ఆ చీర పక్కన పెట్టి ఇంకొకటి కట్టుకోవచ్చు, ‘నాకు నచ్చింది’ అని అదే కట్టుకోనూ వచ్చు. ‘బామ్మ’ అన్న మాట అలాంటిది కాదు. అది మనిషికి పెట్టిన పేరు. చీర మార్చినా పేరు ఒంటిని వదలదు. మీరు కుర్తీ వేసుకున్న రోజున జరిగింది ఇదే. బామ్మ పోయి సోకులాడి వచ్చింది. ఈ నలుగురూ మెచ్చే బట్ట ఏ దుకాణంలోనూ దొరకదు. అందుకే మీ చేతులు బీరువా ముందు ఆగిపోతున్నాయి.

ఈ పేర్లకు నిలకడ ఉండదు. మా చిన్నప్పుడు పెళ్లయిన స్త్రీ పంజాబీ డ్రెస్ వేసుకుంటే వీధి వీధంతా మాట్లాడుకునేది. ఇప్పుడు అదే డ్రెస్ ‘పద్ధతిగా ఉంది’ అనిపించుకుంటోంది. మన పొరుగున, ఇప్పటి కేరళ దక్షిణ భాగంలో ఉండిన తిరువాన్కూరు సంస్థానంలో, తక్కువ కులంగా చూసిన నాడార్ల స్త్రీలు రవిక తొడుక్కోవడాన్ని పొగరన్నారు, దాడులు చేశారు. దశాబ్దాల పెనుగులాట తర్వాత 1859లో రాజు వారికి ఒళ్లు కప్పుకునే హక్కు ఇస్తూ ప్రకటన చేయవలసి వచ్చింది. అప్పుడు కూడా అగ్రవర్ణ స్త్రీల తీరులో కప్పుకోకూడదని షరతు పెట్టారు. నిండుగా కప్పుకోవడం అక్కడ నేరమయింది. మీ ఇంట్లో అదే వెటకారమయింది.

డబ్బు రెండుసార్లు లెక్కపెడుతున్నానని రాశారే, ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. 1998లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులలో కొందరికి ఈత దుస్తులు, మరికొందరికి స్వెటరు ఇచ్చి, అద్దం ఉన్న గదిలో ఒక్కొక్కరినీ ఒంటరిగా ఉంచి లెక్కల పరీక్ష పెట్టారు. ఈత దుస్తులు వేసుకున్న అమ్మాయిలు స్వెటరు వేసుకున్న అమ్మాయిల కన్నా తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. అబ్బాయిలలో అలాంటి తేడా కనిపించలేదు. ఆ గదిలో చూసేవాళ్లు ఎవరూ లేరు. ఆ అమ్మాయిలే తమను బయటి కళ్లతో చూసుకుంటూ ఉండిపోయారు, లెక్కలకు మిగలవలసిన మనసు అక్కడ ఖర్చయిపోయింది. మీరు కౌంటర్లో ఉన్నా మీ తోడికోడలి కళ్లు మీతోపాటే కూర్చుంటున్నాయి. ఇది మీ బలహీనత అని మాత్రం అనుకోకండి.

ఇక అమ్మాయి సంగతి. అన్నిటికన్నా లోతుగా దిగింది ఆ మాటే కదా. పదిహేనేళ్ల వయసులో పిల్లలు తోటివాళ్ల నోటికి భయపడినంతగా పరీక్షలకు కూడా భయపడరు. మిమ్మల్ని చూసి సిగ్గుపడిందని మీరు అనుకుంటున్నారు. మిమ్మల్ని చూసి స్నేహితులు తనకేదో పేరు తగిలిస్తారని ఆ పిల్ల భయపడి ఉంటుందని నాకు అనిపిస్తోంది. ఆ భయం ఎంత చేదో మీకు తెలుసు, మీరూ ఇప్పుడు అందులోనే ఉన్నారు.

ఒక మాట నొచ్చుకోకుండా వినండి. ‘బిచ్చగత్తె వేషం, అది వేరే సంగతి’ అని కుండలీకరణాల్లో రాశారు. వేరే సంగతి కాదమ్మా. మీ అమ్మాయికి ఆ మాట, మీకు ‘బామ్మ’ ఒకే చోట తగులుతాయి. మాటల్లో మొదటి అడుగు మీరు వేయవలసింది ఇక్కడే. రాత్రి బట్టలు మడత పెడుతున్నప్పుడో, ఆమె జడ వేయించుకుంటున్నప్పుడో, ఇంకెవరూ లేని సమయం చూసి చెప్పండి: ‘నీ ప్యాంటును నేను అలా అనకుండా ఉండవలసింది. ఇక అనను. నన్ను స్కూలుకు రావద్దన్న రోజు నాకు చాలా బాధ కలిగింది. ఎవరైనా ఏమైనా అంటారని భయపడ్డావా?’ అంతే. తర్వాత మౌనంగా వినండి. నేత గొప్పతనం గురించి, మీ చిన్నతనం గురించి ఆ రాత్రికి వద్దు. ఆమెకు మీ చీరలు నచ్చాలని పట్టుపట్టవద్దు. వచ్చే సమావేశానికి మాత్రం వెళ్లండి, మీకు హాయిగా ఉన్న చీరలోనే. రేపు ఆమె బట్టలకూ బయట ఎవరో ఒకరు పేరు పెడతారు, ‘బరితెగించింది’ అనే దాకా పోతారు. ఆ రోజు ఆమె ఏడుస్తూ మీ దగ్గరకు రాగలగాలి.

మీవారితో మాట్లాడే పద్ధతి వేరు. ఆయన పిల్ల కాదు. తోడికోడలు వేసిన పేరును ఆయన నోట మోసి కూతురి దాకా చేర్చారు. అందరి ముందూ కాకుండా, గొంతు పెంచకుండా, ‘నాకు పేరుంది, ఆ పేరుతో పిలవండి. చీర నచ్చకపోతే చీర గురించి చెప్పండి, వింటాను’ అనండి. ‘సరదాకు అన్నాను’ అంటారు. ‘నాకు సరదాగా లేదు’ అని చెప్పి ఊరుకోండి. మళ్లీ ‘బామ్మ’ అని పిలిస్తే పలకకండి. పది రోజులు పడుతుందేమో, పట్టనివ్వండి. మీవారు మానుకుంటే తోడికోడలి మాటకు బలం ఉండదు. అత్తగారి ‘సోకులు’ ఆవిడ కాలం నాటి మాట. దానికి జవాబు వెతుక్కోవద్దు.

ఆఫీసులో ఆ పెద్దమనిషి అన్నదాన్ని మాత్రం వీటితో కలపకండి. ‘ఎవరి కోసం?’ అనే ప్రశ్నలో ఉన్న అర్థం మీకు తెలిసే రాశారు. ‘నా బట్టల గురించి మీరు మాట్లాడవద్దు’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. తేదీ, అన్న మాట, దగ్గర ఉన్నవాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి. పని ప్రదేశాలలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం లైంగిక ధోరణి గల వ్యాఖ్యలను కూడా వేధింపుగానే చూస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ గడువు దాటిపోయాక చింతించవద్దని ముందే చెబుతున్నాను.

ఇంతకీ ఏం కట్టుకోవాలి? ‘బస్సు ఎక్కడానికి సులువుగానే ఉంది’ అన్నారు. మీ ఉత్తరం మొత్తంలో బట్టల గురించి మీ సొంత ఒంటికి తోచిన మాట అదొక్కటే. మిగతావన్నీ పరాయి మాటలు. అందుకని రెండు వారాల పాటు ఇలా చేసి చూడండి. రేపటి బట్టలు ఈ రాత్రే తీసి కొక్కేనికి తగిలించండి. రేపు బస్సులో ఎంతసేపు, ఎండా వానా, కౌంటర్లో ఎన్ని గంటలు, గంజి పెట్టిన చీర నిలుస్తుందా నలుగుతుందా, వీటిని బట్టే ఎంచుకోండి. పొద్దున బీరువా తెరవవద్దు. కుర్తీ వేసుకున్నంత మాత్రాన చీరకు ద్రోహం చేసినట్టు కాదు, చీర కట్టినంత మాత్రాన ఓడిపోయినట్టు కాదు.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, మనుషులను చూస్తేనే గుండె దడ రావడం లాంటివి కొన్ని వారాలుగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక నిపుణుల దగ్గరకు వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర లేదు.

పెళ్లికి వంక వెతకవద్దు. ముహూర్తానికి చీరే అనుకుంటే ఏ వెంకటగిరో మీకు ఇష్టమైనది తీయండి. ఏ జాకెట్టు బాగుంటుందో అమ్మాయిని అడగండి. ఒకవేళ ఆమె ‘ఇది వద్దమ్మా, ఆ నీలం అంచుది కట్టు’ అంటే నొచ్చుకోకండి. అది చీర గురించిన మాట. వెళ్లి వచ్చాక మళ్లీ రాయండి, అమ్మాయి ఏ చీర తీసిందో కూడా.