నంబరు ఒకటే కదా అనుకోకు, అమ్మలూ

అమ్మలూ,

హనుమకొండలో మెషీన్ల ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసే దుకాణం తెరుస్తున్నావని అక్క ఫోనులో చెప్పింది. సంతోషమూ భయమూ కలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వలేదు. నా బల్ల కింద కూర్చుని పాడైన ఐసీ చిప్పులను చీమలబారులా పేర్చుకున్న పిల్లవు, అప్పుడే దుకాణందారువయ్యావు.

సోల్డరింగ్ ఐరన్‌కు ఎర్తింగ్ ఉండాలి, విప్పిన ఐసీ చోట సాకెట్ వేయాలి. ఇవి నీకు తెలిసినవే. నా దిగులంతా చిప్పు మీది అక్షరాల గురించి.

ముందుండే అక్షరాలు మన ఇంటిపేర్ల లాంటివి. ఎస్‌ఎన్ అంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఎల్‌ఎమ్ నేషనల్ సెమీకండక్టర్, ఎమ్‌సీ మోటరోలా, సీడీ ఆర్‌సీఏ, మ్యూఏ ఫెయిర్‌చైల్డ్. ఇప్పుడు వాటినే నమ్ముకోకు. 2011లో నేషనల్‌ను టెక్సాస్ వాళ్లు కొనేశారు. సిగ్నెటిక్స్ కంపెనీ తన టైమర్ చిప్పుకు పెట్టిన ఎన్‌ఈ555 పేరుతో ఎందరో తయారుచేస్తున్నారు. ఎవరు చేశారో తెలియాలంటే కంపెనీ గుర్తు చూడు. అయితే కొన్ని అక్షరాలు, అంకెలు చిప్పు ఓర్చుకోగల వేడిని కూడా చెబుతాయి. ఎన్‌ఈ555కు 70 డిగ్రీల వరకే హామీ, ఎస్‌ఈ555కు 125 వరకు. ఎస్‌ఎన్74కూ ఎస్‌ఎన్54కూ ఉన్న తేడా అదే. మే నెల ఎండలో పొలం గట్టున ఇనుప పెట్టెలో ఉండే బోర్డు నీ దగ్గరకు వస్తే ఇది మరిచిపోకు.

ఇక నా తప్పు చెబుతాను. ఇన్నేళ్లలో దీన్ని మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1991లో, కోతల రోజుల్లో, మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో బండ్లను తూచే వేబ్రిడ్జి బోర్డు పాడైంది. 74ఎల్‌ఎస్373 అనే చిప్పు పోయింది. హైదరాబాదు కోఠీలో అది దొరకలేదు, 74హెచ్‌సీ373 దొరికింది. అటు 74, ఇటు 373, కాళ్లన్నీ ఒకే వరుస. నంబరు ఒకటే కదా అనుకున్నాను. బల్ల మీద చక్కగా పనిచేసింది. బిగించి, డబ్బు తీసుకుని వచ్చేశాను.

మర్నాడే కబురు వచ్చింది. మిల్లు మోటార్లు తిరుగుతున్నప్పుడు 4600 కిలోల ట్రాక్టరు 4200 చూపిస్తోంది. బోర్డు ఆరును నాలుగు, రెండు అని రెండు తీగల మీద పంపుతుంది; అందులో నాలుగుకు గుర్తయిన తీగ మీది వోల్టేజి ఆ హడావిడిలో తగ్గి, ఆరు కాస్తా రెండైంది. నేను వెళ్లేసరికి ఒక ముసలి రైతు చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "బస్తాలు లెక్కపెట్టుకునే వచ్చాను బాబూ" అన్నాడు. ఆయన చేతిలో ఆ చీటీ వణుకుతోంది. నాలుగు క్వింటాళ్ల ధాన్యం! మళ్లీ తూచి సరిచేశారు కానీ, అంతకుముందు వెళ్లిపోయిన బండ్ల సంగతి నాకు ఈనాటికీ తెలియదు.

ఎల్‌ఎస్ చిప్పు పక్క చిప్పుకు "ఒకటి" అని చెప్పడానికి 2.7 వోల్టులు ఇస్తే చాలు. 5 వోల్టుల బోర్డులో హెచ్‌సీ చిప్పు దాన్ని నమ్మాలంటే 3.5 కావాలి. మధ్యలో ఉన్నదంతా అదృష్టం. ఎల్‌ఎస్ దొరకనప్పుడు హెచ్‌సీటీ వెయ్యి, దానికి 2 వోల్టులు చాలు. ఆ ఒక్క "టీ" అక్షరం కోసం ఆ రోజే బస్సెక్కి మళ్లీ కోఠీ వెళ్లాను.

చిప్పు వివరాలు కంపెనీ రాసిచ్చే డేటాషీటు తెరవకుండా చిప్పు మార్చావని తెలిస్తే, ఎంత పెద్దదానివైనా తిడతాను. కొత్త చిప్పు చేతికి రాగానే టార్చిలైటు వాలుగా పట్టి చూడు. రాత కింద పాత గీతలు కనిపిస్తే, దూదితో అసిటోన్ రుద్దు. నలుపు దూదికి అంటిందంటే పైపూత వేసి పేరు మార్చిన సరుకు. తిప్పి పంపెయ్యి, మొహమాటపడకు.

నా భూతద్దం బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. పిడి కొంచెం వదులుగా ఉంది, దారం చుట్టాను. నీ బల్ల పక్కన కిటికీ ఉందా, లేదా? సోల్డరింగ్ పొగ నీకు చిన్నప్పుడే పడేది కాదు. ముందు ఆ సంగతి రాయి.

మీ మామయ్య