బూజు చెక్క తిన్న గేదె పాలు

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. రెండు గేదెలున్నాయి. వానలకి గోడవార ఉన్న వేరుశనగ చెక్క బస్తా చెమ్మెక్కి పచ్చగా బూజు పట్టింది. ఎండబెట్టి కుడితిలో కలిపి పెడుతున్నాను. ఆ పాలు తాగితే క్యాన్సర్ వస్తుందని మా అబ్బాయి ఫోన్‌లో చూసి చెప్పాడు. నాలుగేళ్ల మనవడు ఆ పాలే తాగుతాడు. బాగా మరగబెడితే సరిపోదా డాక్టరు గారూ?

జవాబు: సరిపోదమ్మా. ముందు ఆ బస్తా ఆపేయండి.

చెక్కకి పట్టే పచ్చ బూజుల్లో ఒక రకం అఫ్లాటాక్సిన్ బీ1 అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయ క్యాన్సర్ తెచ్చేది. గేదె తిన్న విషంలో సుమారు 1 నుంచి 6 శాతం అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలోకి మారి పాలలోకి దిగుతుంది. మరిగించినా, తోడు పెట్టినా పోదు. చీపురుపల్లి వైపు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ రైతులకి 'ఎండబెట్టి పెట్టండి' అనే చెప్పాను. తప్పు చెప్పాను. ఎండకి చెమ్మ పోతుంది, బూజు రాలుతుంది, విషం చెక్కలోనే ఉంటుంది.

అలాగని మనవడి గురించి టెన్షన్ పడిపోకండి. నాలుగు గ్లాసులు తాగినంత మాత్రాన వచ్చే జబ్బు కాదిది, ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే ముప్పు. హెపటైటిస్ బి అనే కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. బాబుకి ఆ టీకా పడిందో లేదో కార్డు తీసి చూడండి.

ప్యాకెట్ పాలకి మారిపోదామనుకుంటున్నారేమో. మన దేశంలో కిలో పాలకి 0.5 మైక్రోగ్రాముల వరకే ఎం1 ఉండొచ్చు. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశమంతటా 6,432 నమూనాలు పరీక్షిస్తే 5.7 శాతం ఆ హద్దు దాటాయి. విడి పాలకంటే ప్రాసెస్ చేసిన పాలలోనే ఈ సమస్య ఎక్కువగా కనిపించింది. అసలు లోపం మేతలో ఉంది. మీ మేత మీ చేతిలో ఉంది కదా, అదే మీ బలం.

మంచి మేత మొదలుపెడితే నాలుగైదు రోజుల్లో పాలలో ఎం1 బాగా తగ్గిపోతుంది. ఓ వారం బాబుకి వేరే ఇంటి పాలు పట్టండి. ఇకపై చెక్క పదిహేను రోజులకి సరిపడా మాత్రమే కొనండి. బస్తాని గోడకి ఆనించకుండా చెక్కపలకల మీద ఉంచండి. అన్నట్టు, మీ ఇంట్లో తినే వేరుశనగ గుళ్లు కూడా ఓసారి చూడండి. బూజు గుళ్లు నేరుగా తినడం ఈ పాలకన్నా ప్రమాదం.

పాడైన బస్తాని కోళ్లకి, బాతులకి వేసేయాలనిపిస్తుంది. వద్దు. 1960లో ఇంగ్లండ్‌లో వేరుశనగ చెక్క కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాకే ఈ విషం సంగతి బయటపడింది. పెరట్లో గొయ్యి తీసి పూడ్చేయండి.